నేను ఆడని జూదం

నేను చెయ్యని పాపాలకు నాకు క్షమాపణ దొరికిన శరత్కాలం అది.

ఆ ఏడు మా తోటలో నారింజరంగు పెర్సిమన్ కాయ విరగకాసింది. దక్షిణ కొరియాలో మా సాంగ్జు కొండల మీద తొలి మంచు పడేలోగా కాయ కోసి, తొక్క తీసి, తాళ్ళకు కట్టి అటక మీద గాలికి ఎండేలా వేలాడదీయాలి. నేను కోసేవాణ్ణి. తొక్క తీసే మిషను దగ్గర అమ్మ కూర్చునేది. తాళ్ళకు కట్టే పని నా భార్య యన్‌జుది. ఆమె నవలలు రాస్తుంది. కట్టిన తాడు చూస్తే చాలు, ఆ పూట ఆమె మనసు ఎక్కడుందో తెలిసిపోయేది. కాసేపు కాయలు ఎడం ఎడంగా, వరసగా ఉంటాయి. అంతలో ఏదో పాత్ర మాట్లాడటం మొదలుపెడుతుంది కాబోలు, నాలుగు కాయలు ఒకేచోట గుత్తిలా పడతాయి.

"ఒరేయ్ వాన్‌సిక్, నీ పెళ్ళాం మళ్ళీ వెళ్ళిపోయింది," అనేది అమ్మ, మిషను ఆపకుండానే.

"వస్తుందిలేమ్మా."

"ఆవిడ వచ్చేసరికి కాయలు బూజు పడతాయి."

యన్‌జు ఉలిక్కిపడి నవ్వేది. "ఇక్కడే ఉన్నానత్తయ్యా."

"ఏదీ? ఇక్కడ నీ వేళ్ళే ఉన్నాయి."

ఆమె రోజు ఎప్పుడూ ఒకే తీరున గడిచేది. తెల్లవారకముందే ముగ్గురం చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకుని వచ్చేవాళ్ళం. అమ్మ మళ్ళీ నడుం వాల్చేది. నేను తోటకు పోయేవాణ్ణి. యన్‌జు వంటింటి మూల పొట్టి బల్ల వాల్చుకుని, కుక్కరు కూత పెట్టేదాకా రాసుకునేది. మధ్యాహ్నం పని అయ్యాక సైకిలెక్కి ఊళ్ళో లైబ్రరీకి పోయేది. మా రాత్రి భోజనం వేళకు ఏనాడూ తిరిగి రాలేదు. ఆమె అన్నం ఇత్తడి గిన్నెలో పెట్టి, మూతపెట్టి, తువ్వాలు చుట్టి, కింద పొయ్యి వేడికి నేల బాగా వెచ్చగా ఉండే మూలన బొంత కింద దాచేవాణ్ణి.

"కుక్కర్లోనే ఉంచితే ఏమవుతుందిరా?" అనేది అమ్మ.

"పచ్చబడి వాసనేస్తుందమ్మా."

"మీ నాన్న ఎక్కడికెళ్ళినా ఆయన గిన్నె నేను దాచాను. పెళ్ళాం గిన్నెకి మొగుడు బొంత కప్పడం ఈ కొండ కింద నీతోనే మొదలు."

పదేళ్ళకు పైగా ఇలాగే గడిచింది. యన్‌జు రాసినవి పంపేది, అవి తిరిగొచ్చేవి. తిరిగొచ్చిన రోజున మొహం కడుక్కుని వచ్చి నాతో అనేది: "ఈ ఒక్కటీ చూద్దామండీ. ఇదీ పోతే మానేస్తాను." నేను తలూపేవాణ్ణి. వారం తిరక్కుండా ఇంకోటి మొదలయ్యేది.

ఆ ఏడాది తేజాన్‌లోని ఒక చిన్న క్రైస్తవ ప్రచురణ సంస్థ ఆమె నవల వేసింది. పేరు 'గిన్నె చల్లారకముందు'. ఒక ఇల్లాలు తన కథ తనే చెబుతుంది. భర్తకు కొండల్లోని కాసినో అలవాటవుతుంది. తోట పోతుంది, ట్రక్కు పోతుంది. ప్రతిసారీ 'ఈ ఒక్కసారే' అంటాడు. ఆమె ప్రతి సాయంత్రం అతని గిన్నె బొంత కింద పెడుతుంది, ప్రతి ఉదయం చల్లారిన అన్నం తనే తింటుంది. చివరి పేజీలో గిన్నె ఇంకా వెచ్చగా ఉండగానే తలుపు చప్పుడవుతుంది. అక్కడితో అయిపోతుంది. చదివినప్పుడు గిన్నె మా ఇంటిదేనని గుర్తుపట్టాను. కథలు రాసేవాళ్ళు ఇంట్లో సామాను వాడుకుంటారు కదా అనుకుని ఊరుకున్నాను.

అదే శరత్తులో మా చర్చిలో సంఘ పెద్ద ఎన్నిక వచ్చింది. స్థానం ఒకటే. నిలబెట్టిన పేరు కూడా ఒకటే, నాది. కానీ ఉన్నవాళ్ళలో మూడింట రెండు వంతులు సమ్మతిస్తేనే పెద్ద. నాన్న పేరు రెండుసార్లు నిలబెట్టారు. రెండుసార్లూ చాలలేదు. ఆయన పెద్దకు ఒక మెట్టు కింద, డీకన్‌గానే పోయాడు. అప్పటినుంచి తెల్లవారుజాము ప్రార్థనలో అమ్మ దేవుణ్ణి అడిగేది ఇదొక్కటే. మోకాళ్ళు నొప్పి పుట్టినా వాటి సంగతి ఎత్తేది కాదు. "రెండు కోరికలు అడిగితే ఆయనకు ఏది ముందో తెలియక గందరగోళం," అనేది. ఓటు పంట కృతజ్ఞత ఆదివారం నాడు.

*

చిన్న ప్రచురణ సంస్థ కాబట్టి ప్రకటనల్లాంటివి లేవు. పిలిచిన చర్చికల్లా వెళ్ళి చెప్పుకోవడమే. నేను ట్రక్కు తోలేవాణ్ణి. వెనక పెర్సిమన్ బుట్టలూ పుస్తకాల పెట్టెలూ పక్కపక్కనే ఊగుతూ వచ్చేవి. మడత బల్ల వేసి, దాని మీద అమ్మ ఇచ్చిన పూల గుడ్డ పరచడం నా పని. యన్‌జు మాట్లాడి, కొంచెం చదివి, ఆ తర్వాత సంతకాలు పెట్టేది. ఒట్టి సంతకం ఎవరికీ సరిపోదు. "నాకు తగిన వాక్యం ఒకటి రాసివ్వమ్మా," అంటారు. ఆమె తల ఎత్తి ఆ మనిషి మొహంలోకి చాలాసేపు చూసి గానీ రాయదు. వరస గుమ్మం దాటి మెట్ల దాకా పోయేది.

మొదటి చర్చి మున్‌గ్యాంగ్ దాటాక ఒక లోయలో ఉంది. గేటు మీద కట్టిన గుడ్డ చూసి నేను బ్రేకు వేశాను.

"సాక్ష్య కూటము అని రాశారేమిటి?"

యన్‌జు కిటికీలోంచి చూసింది. "నవల గురించి అనే చెప్పానండీ ఫోన్లో."

తప్పు వాళ్ళది కాదు. మా చర్చిల్లో పాస్టరు కాని మనిషి, అందులోనూ ఆడమనిషి, మైకు పట్టుకుని ముందు నిలబడిందంటే సాక్ష్యం చెప్పడానికే. తన ఇంట్లో జరిగిన ఘోరమూ, దేవుడు దాన్ని బాగుచేసిన తీరూ. ఇంకోరకం మాట అక్కడినుంచి ఎవరూ ఎప్పుడూ వినలేదు. యన్‌జు పుస్తకం తెరిచి, 'నా భర్త మొదటిసారి అబద్ధం చెప్పిన రోజు వాన పడుతోంది' అని చదివింది. హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. ఆ తర్వాత అన్ని తలలూ నెమ్మదిగా, మర్యాదగా, వెనక పూల గుడ్డ దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగాయి.

కూటం అయ్యాక ఒక ముసలావిడ కర్ర ఊనుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా చేతులు పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. పెర్సిమన్ జిగురుకు ఆ నెలంతా మా వేళ్ళు నల్లగానే ఉంటాయి.

"ఇదిగో చూడండే," అంది వెనక ఉన్నవాళ్ళతో. "పేక ముక్కలు పట్టిన వేళ్ళు. మచ్చ ఇంకా పోలేదు పాపం."

"ఇది కాయ జిగురండీ. నేను..."

"తెలుసు నాయనా, తెలుసు."

"అమ్మగారూ, అది నవల."

"అవును నవలే. మా మరిది కూడా ఎవరో స్నేహితుడి సంగతి అన్నట్టే చెప్పేవాడు." కర్ర నా బల్లకు ఆనించి, రెండు చేతులతో నన్ను దగ్గరికి తీసుకుంది. వీపు మీద చరిచింది, పసివాణ్ణి జోకొట్టినట్టు. "వచ్చేశావుగా. అంతే చాలు. వచ్చేశావు."

ఆ క్షణాన నాకు జరిగినదాన్ని ఇప్పటికీ పూర్తిగా విడదీసి చెప్పలేను. నా ఒళ్ళు బిగుసుకుంది. ఆ బిగువు వెనకాల, లోతుగా, ఎక్కడో ఒక ముడి దానంతటదే జారి విడిపోయింది. నా కళ్ళు తడిశాయి. ఎందుకు? నేను ఎక్కడికీ వెళ్ళలేదు, తిరిగి వచ్చింది లేదు. దారిలో ఆలోచించాను. చిన్నప్పుడు నేను కొట్లాటలు తెచ్చినవాణ్ణి కాను, జ్వరాలు తెచ్చినవాణ్ణి కూడా కాను. చెప్పిన చోట కూర్చునేవాణ్ణి. అలాంటి పిల్లవాణ్ణి అందరూ మెచ్చుకుంటారు. దగ్గరికి లాక్కుని వీపు చరచవలసిన అవసరం మాత్రం ఎవరికీ రాదు. క్షమాపణలోని వెచ్చదనం తప్పు చేసినవాళ్ళ వాటా. దాన్ని నేను పక్క ఇంటికి చేరవలసిన మిఠాయి పొట్లంలా పొరపాటున అందుకున్నాను, తిన్నాను కూడా.

"ఏడ్చారు కదూ?" అంది యన్‌జు ట్రక్కులో.

"గాలి."

"హాల్లో గాలా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకో చర్చిలో చెప్పవచ్చులే అనుకున్నాం. కానీ ఇంకో చర్చికి మేం వెళ్ళేలోపే కబురు వెళ్ళింది. నా కోసం కిమ్చి పచ్చడి జాడీలు సిద్ధంగా ఉండేవి, నువ్వుల నూనె సీసాలు, నరాలకు మంచిదని ఎండబెట్టిన వేర్లు. ఒక చోట పాస్టరుగారి భార్య నా ఎదట ఉన్న పందెం బిళ్ళల్లాంటి గుండ్రటి బిస్కట్ల పళ్ళెం చప్పుడు చెయ్యకుండా తీసేసి నారింజ పండ్లు పెట్టింది. పాత ఆశ రేపే శోధన వద్దని.

*

కబురు కొండ దిగి మా ఊరికీ వచ్చింది. మొదట మండిపడింది అమ్మ.

"నా కొడుకు జూదగాడా! కొత్త సంవత్సరానికి పిల్లలు పూల పేక ఆడుతుంటే వీడు పక్కన కూర్చుని వాళ్ళకి గింజలు ఒలిచిపెట్టేవాడు! యన్‌జూ, నీ పుస్తకంలో మొగుణ్ణి చంపేసినా బాగుండేది. చచ్చినవాణ్ణి వీడే అని ఎవరూ అనరుగా."

"అత్తయ్యా, ఈసారికి క్షమించండి. వచ్చే పుస్తకంలో చంపుతాను."

సంత రోజున అమ్మ ముల్లంగి దుంపలు కొనడానికి వెళ్ళింది. ఖండించి వస్తానని నడుం బిగించి మరీ వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు చాలా మెత్తగా ఉంది. దుంపలు దించుకుని, మెట్టు మీద కూర్చుని, కాసేపు ఆకాశం చూసింది.

"ఏమైందమ్మా?"

"ఎవరో తెలియని ఆవిడ నా చెయ్యి పట్టుకుందిరా. 'మీ కన్నీళ్ళే ఆ బిడ్డను తిప్పి తెచ్చాయి తల్లీ' అంది. నలుగురూ మూగారు. ఒకావిడ నా దుంపల సంచి మోసుకొచ్చింది." ఆగింది. "నలభై ఏళ్ళుగా వింటున్నా సాక్ష్యాలు. ఒకావిడకి తాగుబోతు కొడుకు, ఒకావిడకి పారిపోయిన కొడుకు. నేను ఎప్పుడూ కింద కూర్చుని ఆమెన్ అనడమే. నువ్వు నాకు ఏడవడానికి ఒక్కటంటే ఒక్కటి ఇచ్చావట్రా?"

"అమ్మా!"

"ఊరికే అన్నాలే. ఖండించు, ఖండించు. మరీ అంత గట్టిగా మాత్రం వద్దు."

మర్నాడు నామ్‌గూంగ్ బాబాయి అటక మెట్లెక్కి వచ్చాడు. మా చర్చిలో అందరికంటే పాత పెద్ద. నాన్న ఎన్నికలు రెండూ లెక్కపెట్టింది ఆయనే. వేలాడే కాయల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని, కొనడానికి వచ్చినవాడిలా అటూ ఇటూ నడిచాడు.

"నేను నవలలు చదవను వాన్‌సిక్. మా ఆవిడ చదివింది. నిన్ను తిట్టింది, ఏడ్చింది, చివరికి నీ కోసం ప్రార్థన చేసింది."

"అది నేను కాదు బాబాయ్."

"నేనూ అదే అన్నాను. వాడు ఎప్పుడు చూసినా చర్చిలోనే ఉంటాడు కదే, కాసినోకి ఎప్పుడెళ్ళాడూ అని. అలాంటివాళ్ళకే తెలివెక్కువ అంది." ఒక కాయను వేలితో మెల్లగా తిప్పాడు. "పెద్ద అయ్యేవాడి మీద నింద ఉండకూడదు. సగం మంది నువ్వు జూదగాడివని ఓటు వెయ్యం అంటున్నారు, మిగతా సగం మంది మారిన జూదగాడివని తప్పకుండా వేస్తామంటున్నారు. మారని మనిషిగా నీకు వేస్తానన్నవాడు ఒక్కడూ కనబడలేదు. ఓటుకు ముందు అందరి ఎదటా తేల్చు. తేల్చలేకపోతే పేరు వెనక్కి తీసుకో."

ఆయన దిగిపోయాక కాయల మధ్యే నిలబడి ఆలోచించాను. తేల్చడం కష్టమేమీ కాదు. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నోట్లో పట్టుకుని చూస్తే అది బరువుగా తోచింది. నా మీద పడ్డ మచ్చను కడిగేస్తే కింద ఏముంటుంది? మచ్చ లేని, ఎవరికీ కథగా చెప్పలేని మనిషి. ఆ నెల రోజుల్లో నేను అతనికి కొంచెం దూరమయ్యాను. తిరిగి అతని దగ్గరికి వెళ్ళాలంటే సిగ్గేసింది.

*

కృతజ్ఞత ఆదివారానికి ముందు ఆఖరి చర్చిలో బాంగ్ అనే మనిషి కనబడ్డాడు. నా ఈడువాడే. కూటం జరిగినంతసేపూ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. జనం భోజనాల గదిలోకి దిగాక నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాటేసుకోలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"అన్నా, ఒక్కటి అడుగుతాను. చేతులు ఎప్పుడు ఊరుకున్నాయి?"

ఆ ప్రశ్నకు నవలలో జవాబు లేదు. నవ్వి, అది నేను కాదు అనాలి. అతని జేబుల్లో పిడికిళ్ళు కదులుతుండటం గుడ్డ పైనుంచి కనిపిస్తోంది.

"పనిలో పెడితే ఊరుకుంటాయి," అన్నాను. కాయలు కోసేటప్పుడు నాకు తెలిసిన నిజం అదొక్కటే.

అతను తలూపాడు. మెట్ల కింద వేడి నూడుల్స్ గిన్నెలు అందిస్తున్న ఒకావిణ్ణి కళ్ళతో చూపించాడు. "మా ఆవిడ. నన్ను ఇక్కడికి ఈడ్చుకొచ్చింది. మీరు సంఘ పెద్ద అవుతున్నారటగా? మా ఆవిడతో అన్నాను, ఆ మనిషిని పెద్దను చేస్తే నేనూ మానేస్తానని. చెయ్యకపోతే ఇంక నన్ను అడగొద్దని. పందెం."

"దేని మీద?"

"మీ మీదే అన్నా." మొదటిసారి నవ్వాడు. "ఆదివారం వస్తాను. కళ్ళారా చూడాలిగా."

దారిలో ఈ సంగతి యన్‌జుకు చెప్పాను. ట్రక్కు లోయ దాటింది.

"చెప్పెయ్యాలండీ," అంది చివరికి.

"చెబితే అతను పందెం ఓడతాడు. అమ్మ కూడా. మారినవాడని వేసేవాళ్ళు వెయ్యరు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే అబద్ధంతో పెద్దనవుతాను."

ఆమె తన నల్లటి వేళ్ళను ఒడిలో పెట్టుకుని చూసుకుంది. "మీరు మీ వంతు చెప్పండి. నా వంతు ఒకటి మిగిలి ఉంది. అది నేను చెబుతాను."

"ఏమిటది?"

"మీరు నవ్వుతారు," అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

*

కృతజ్ఞత ఆదివారం ప్రసంగ వేదిక ముందు గుమ్మడికాయలు, క్యాబేజీలు, బియ్యం బస్తాలు, మా పెర్సిమన్ తాళ్ళు గుట్టగా పోశారు. ఆరాధన అయ్యాక, భోజనాలకు ముందు యన్‌జు పుస్తకం కూటం, దాని వెంటనే ఓటు. బాంగ్, అతని భార్య ఆఖరి వరసలో కూర్చున్నారు. అమ్మ మొదటి వరసలో, పండగలకే తొడిగే పాత నీలం హాన్‌బోక్ దుస్తుల్లో.

యన్‌జు కంటే ముందు నేను లేచాను. మైకు చల్లగా ఉంది.

"ఒక్క మాట. నేను జూదం ఎప్పుడూ ఆడలేదు. పూల పేకలో నెలకో పువ్వు ఉంటుందట, ఏ పువ్వు ఏ నెలదో కూడా నాకు తెలియదు."

"ఆమెన్!" అన్నారు ఎవరో.

"చూడండి, ఎంత వినయం," అంది నామ్‌గూంగ్ బాబాయి భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

"వినయం కాదు పిన్నీ, నిజం. కాసినో ఎటుందో నాకు దారి కూడా తెలియదు."

"ఆమెన్!" ఈసారి పది గొంతులు.

నేను నిస్సహాయంగా బాబాయి వైపు చూశాను. ఆయన చూరు వైపు చూశాడు. అప్పుడు అమ్మ లేచింది. మోకాళ్ళ మీద చేతులూని, మెల్లగా, జనం వైపు తిరిగింది.

"ఆ ఆమెన్‌లు ఆపండి. వాడు చెప్పేది నిజం. నేను కన్నదాన్ని. వీడు ఒక్కరాత్రి కూడా నన్ను ఏడిపించలేదు. సంతలో మీరంతా నా చెయ్యి పట్టుకుంటే ఊరుకున్నాను. హాయిగా ఉండి ఊరుకున్నాను. దేవుడు నన్ను చూసి నవ్వుకుని ఉంటాడు." నా వైపు వేలు చూపింది. "నాకు చెప్పుకోడానికి సాక్ష్యం లేదు. మంచి కొడుకు ఉన్నాడు, అంతే."

వేదిక ముందు గుట్టలోంచి ఒక క్యాబేజీ జారి దొర్లడం అందరికీ వినిపించింది. వెనకనుంచి బాంగ్ లేచాడు.

"అయితే మానేసినవాడు లేడా?" ఆ గొంతులో కోపం లేదు. "అంతా కల్పించిందేనా? ఆ 'ఈ ఒక్కసారే' అనేది, ఆ తెల్లవారుజామున ఇంటి ముందు నిలబడి తలుపు తట్టలేకపోవడం... అది తెలియనివాళ్ళు రాయలేరమ్మా. నేను చదివాను. అది తెలిసినవాళ్ళే రాశారు."

యన్‌జు వేదిక పక్కన నిలబడి ఉంది. పుస్తకం మూసే ఉంది.

"తెలిసే రాశాను," అంది. "ఆ మనిషిని నేనే."

ఆమె పుస్తకాన్ని వేదిక అంచున పెట్టింది.

"ఆయనకు ముక్కలు తెలియవు. నాకూ తెలియవు. కానీ పదేళ్ళు రాసింది తిరిగొస్తుంటే, ఈ ఒక్కటీ, ఇదీ పోతే మానేస్తాను అని ప్రతిసారీ ఈయనతో అన్నాను. అన్న ప్రతిసారీ అబద్ధమాడుతున్నానని నాకు తెలుసు. సాయంత్రం లైబ్రరీ మూసేశాక సైకిలు పట్టుకుని మా ఇంటి ముందు నిలబడేదాన్ని, ఈ రోజు కూడా ఏమీ లేకుండానే వచ్చాను అనుకుంటూ. లోపలికెళ్తే బొంత కింద గిన్నె ఉండేది. ఒక్కరోజు కూడా తప్పలేదు. అందరూ ఈయన్ని ఆ జూదగాడిలో వెతుకుతున్నారు. ఈయన అక్కడ లేరు. కథ చెప్పే ఇల్లాలు ఉంది చూశారా, అది ఈయన."

నాకు నవ్వు రాలేదు. ఎటు చూడాలో తెలియక పెర్సిమన్ తాళ్ళ వైపు చూశాను. ఒక తాట్లో నాలుగు కాయలు గుత్తిగా ఉన్నాయి. నెల రోజులుగా నా వీపు మీద పడ్డ చేతులన్నీ చిరునామా తప్పి వచ్చాయనుకున్నాను. నా పక్కనే రోజూ ఒకరు ఆ తలుపు దగ్గర నిలబడి, లోపలికి వచ్చి, మూత తీసి, క్షమాపణ తిన్నారు. పెట్టినవాడికి తను పెడుతున్నది ఏమిటో తెలియలేదు.

"మరి మీరు మానేశారా?" అడిగాడు బాంగ్.

యన్‌జు మొహం ఎర్రబడింది. "లేదు. ఇంకోటి మొదలుపెట్టాను."

మొదట నవ్వింది అమ్మ. తర్వాత హాలంతా. బాంగ్ కూడా నవ్వుతూ కూర్చున్నాడు, పక్కనున్న భార్య అతని చొక్కా పట్టి లాగితే.

*

మా చర్చిలో సమ్మతమైతే చీటీ మీద పేరు రాయాలి, లేకపోతే ఖాళీగా మడిచి వెయ్యాలి. నామ్‌గూంగ్ బాబాయి ఒక్కొక్కటే విప్పి చదువుతుంటే అమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. కొన్ని ఖాళీ చీటీలు వచ్చాయి. మారిన జూదగాడి కోసం వచ్చినవాళ్ళకు మారని మనిషి రుచించలేదు. లెక్క దగ్గరపడింది. నాన్న రోజుల్లో ఎక్కడ ఆగిందో అక్కడే ఆగేటట్టుంది.

బాబాయి ఒక చీటీ విప్పి ఆగిపోయాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, మళ్ళీ దించి చూశాడు. ఇంకోటి విప్పాడు, ఆ తర్వాత ఇంకోటి. వాటిని పక్కన పెట్టాడు. పాస్టరుగారు వంగి చూశారు.

"వీటి మీద పేరు లేదు," అన్నాడు బాబాయి జనంతో. "'గిన్నె పెట్టినాయన' అని ఉంది. ఇలాంటివి కొన్ని వచ్చాయి."

ముసలమ్మల వరసలో ఎవరో గొణిగారు, "పేరు గుర్తురాలేదు మరి. 'వాన్' అని ఏదో ఉందిగా."

"చెల్లవేమో," అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా. "నియమం ప్రకారం పేరు ఉండాలి."

బాబాయి చాలాసేపు ఆ చీటీలను చూశాడు. నియమం విషయంలో ఆయన జన్మలో మెత్తబడ్డవాడు కాదు.

"నియమం దేనికి? ఎవరికి వేశారో అనుమానం ఉండకూడదని," అన్నాడు. "ఈ సంఘంలో పెళ్ళాం గిన్నె బొంత కింద పెట్టేవాడు ఎవరైనా ఇంకొకడు ఉంటే లేచి నిలబడండి. అప్పుడు చెల్లవంటాను."

మగవాళ్ళ వరసలన్నీ తలలు దించుకున్నాయి. ఆడవాళ్ళ వరసలన్నీ వాళ్ళ వైపు తిరిగాయి.

"చెల్లుతాయి," అన్నాడు బాబాయి, వాటిని నా కుప్పలో వేస్తూ.

భోజనాల దగ్గర బాంగ్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తల గోక్కున్నాడు. "అన్నా, నేను గెలిచానో ఓడానో నాకే తెలియడం లేదు. పెద్దయితే అయ్యారు. మీరు ఆ మనిషి కాదాయె."

అతని భార్య చేతిలో నూడుల్స్ గిన్నె పట్టుకుని వెనకే నిలబడి ఉంది. "పందేలు చాలు," అంది. "ముందు తిను, చల్లారిపోతుంది."

అతను జేబుల్లోంచి చేతులు తీసి గిన్నె అందుకున్నాడు. అవి ఇంకా కొంచెం వణుకుతున్నాయి. అయినా ఒలక్కుండా పట్టుకున్నాడు.

బల్లలు మడిచి, జాడీలు ఎవరివి వాళ్ళకు చేర్చి, ఇల్లు చేరేసరికి చీకటి పడింది. అమ్మ నీలం హాన్‌బోక్ విప్పకుండా వెచ్చటి మూల పక్కనే కూర్చుని ఉంది. నాన్న ఫోటో దించి ఒళ్ళో పెట్టుకుంది.

"తింటావా పెద్దాయనా?" అంది. ఆ పిలుపులో వెటకారం సగమే. "నీ పెళ్ళాం నీకోసం గిన్నె పెట్టింది. నేను పెడతానంటే ఒప్పుకోలేదు. ఇవాళ నా వంతు అంది."

వంటింట్లో పొట్టి బల్ల ముందు యన్‌జు వీపు కనబడుతోంది. వంగి రాస్తోంది. నేను వచ్చిన చప్పుడు వినలేదు.

బొంత ఎత్తాను. తువ్వాలు వదులుగా, అలవాటు లేని చేత్తో చుట్టినట్టు ఉంది. గిన్నె చేతుల్లోకి తీసుకుంటే అరచేతులు హాయిగా కాలాయి. మూత తీశాను.

లోపల అన్నం లేదు. పెట్టడం మరిచిపోయింది.

"ఏంట్రా, ఒక్కడివే నవ్వుతున్నావు?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా," అన్నాను. ఆ వెచ్చటి గిన్నె చేత్తో పట్టుకుని, కుక్కరు దగ్గరికి వెళ్ళాను, ఆమె రాత ఆగకుండా, అడుగుల చప్పుడు కాకుండా.